ఆరో కుర్చీ

పగిలిన గాజు పెంకుతో గీకితే టేకు మీది పాత పాలిష్ పొరలు పొరలుగా లేస్తుంది. తెల్లవారకముందే సంపూర్ణ వాకిట్లో గోనెపట్టా పరిచి, కుర్చీని బోర్లించి, దాని నాలుగో కాలు గీకుతోంది. చెయ్యి గీకుతోందే గాని చూపు ఒక చోట లేదు. మధ్యలో రెండుసార్లు లేచింది. ఒకసారి అన్నం వార్చడానికి. రెండోసారి ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. వాకిలి చివరిదాకా వెళ్లి, రోడ్డు అటూ ఇటూ చూసి, మళ్లీ వచ్చింది. వచ్చి కూర్చుంది అనడానికి కూడా లేదు. మునికాళ్ల మీదే ఉంటుంది ఎప్పుడూ, ఎవరో పిలిస్తే లేచి ఉరకాలన్నట్టు. కాలుగాలిన పిల్లి అని ఆమెను వీధిలో అంతా అంటారు. ఆమె ఎదుటే అంటారు. ఆమె నవ్వుతుంది, నవ్వుతూనే ఇంకెక్కడికో పోతుంది.

వరండాలో ఇంకో కుర్చీ ఉంది. సరిగ్గా ఇలాంటిదే. అందులో ఆమె భర్త క్రిస్టోఫర్ కూర్చుని ఉన్నాడు. కూర్చునే నిద్రపోయి, కూర్చునే లేచాడు.

మణుగూరులో బొగ్గు గనుల కాలనీలున్నంత కాలం సంపూర్ణకు పనికి కొదవ లేదు. ఉద్యోగం అయిపోయి క్వార్టరు ఖాళీ చేసేవాళ్లు లారీ ఎక్కనిదంతా వెనకాల పడేసి పోతారు. కోడు విరిగిన మంచం, ఊడిన తలుపు, కుట్టుమిషను ఇనుప కాళ్లు, గనిలోకి కేబుల్ చుట్టుకొచ్చిన పెద్ద చెక్క చక్రం. అందరికీ అది చెత్త. సంపూర్ణ చేతిలో ఆ చక్రం టీపాయ్ అవుతుంది, మిషను కాళ్ల మీద పలక వేస్తే పిల్లలకు చదువుబల్ల అవుతుంది, పాత కిటికీ చట్రానికి అద్దం బిగిస్తే హాల్లో గోడకు అందం వస్తుంది. కొత్తగా కాపురం పెట్టినవాళ్లు, షోరూముకు పోయే తాహతు లేనివాళ్లు ఆమె వాకిట్లోకే వస్తారు. "ఇల్లు ఇల్లులాగ కనిపించాలె ఆంటీ" అంటారు. సరిగ్గా అట్లాగే పంపిస్తుంది.

ఆమె ఇల్లు మాత్రం ఇల్లులా కనిపించదు. దీపం కింద చీకటి అంటే ఇదే. వచ్చినవాళ్లు లోపల ఏ వస్తువును చూసి ముచ్చటపడినా అది మర్నాటికి వాళ్లింట్లో ఉంటుంది. మంచాలు పోయాయి, బల్ల పోయింది, బీరువా తలుపులు కూడా ఒకసారి పోయాయి. క్రిస్టోఫర్ కింది నుంచి నాలుగు కుర్చీలు పోయాయి. కల్లూరులో కాపురం ఉన్న కూతురు స్తుతి ఫోన్ చేసినప్పుడల్లా ముందు అడిగేది అదే. "అమ్మా, నాన్న ఇయ్యాల దేని మీద కూసున్నడు?"

ఆ మాటకు ఒకప్పుడు ముగ్గురూ నవ్వేవాళ్లు. ఇప్పుడు నవ్వడం లేదు. క్రిస్టోఫర్ మట్టి కాంట్రాక్టులో ఇరవై ఏళ్లు డంపరు నడిపాడు. నిరుడు వానాకాలం నుంచి కాళ్లు నీరు పడుతున్నాయి. గుండెకు బలం తగ్గిందని ఖమ్మంలో డాక్టరు చెప్పాడు. పడుకుంటే చాలు, నీళ్లు గొంతుదాకా వచ్చినట్టు ఊపిరాడదు. చేతులున్న కుర్చీలో, వెనక్కి కొంచెం వాలి కూర్చుంటేనే కన్ను మూతపడుతుంది. ఇక అతనికి మంచమైనా పరుపైనా ఆ కుర్చీయే. అందుకే ఈ కుర్చీని తెచ్చి వరండాలో వేసిన రోజు సంపూర్ణ బైబిలు మీద చెయ్యి పెట్టి మరీ చెప్పింది, దీన్ని మాత్రం ఎవరికీ ఇవ్వనని.

చెప్పింది సరే, నోరు ఊరుకోవాలి కదా! మొన్న కల్యాణి వచ్చింది. కాలనీ దవాఖానాలో కొత్తగా చేరిన నర్సు, తండా నుంచి చదువుకుని ఉద్యోగం దాకా వచ్చిన పిల్ల. వాళ్ల నాన్న రామ్‌సింగ్, అమ్మ కమ్లి కూతురి ఇల్లు చూడడానికి మొదటిసారి ఆదివారం వస్తున్నారట. వాళ్లు పక్కపక్కన కూర్చోవడానికి ఒకేలాంటి కుర్చీలు రెండు కావాలంది. "మా నాయిన జీవితమంత నేల మీదనే కూసున్నడు ఆంటీ" అంది. ఆ మాట విన్నాక సంపూర్ణ ఆగగలదా? "రెండుంటయమ్మా, శనివారం పొద్దుమీకి తీస్కపో" అనేసింది. ఆ పిల్ల వెళ్లిపోయాక గానీ ఆ రెండోది ఎవరి కింద ఉందో గుర్తుకు రాలేదు.

ఈ రోజు శనివారం.

"సంపూర్ణా" అన్నాడు క్రిస్టోఫర్ వరండాలోంచి. ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకుంటాడు. "ఇది ఇచ్చెయ్యరాదే. జోడి అయితది. నేను గోడకు ఆనుకుంట."

"నోరు మూసుకొని జావ తాగు."

"పాపం ఆ పిల్ల..."

"ఆ పిల్ల సంగతి నేను చూసుకుంట. ఈసారి ఇయ్య అన్ననా లేదా? దేవుని ముందల చెప్పిన. ఆరోది యాడనో ఒకాడ ఉంటది, ఎతికి తెస్త."

పాత గెస్ట్‌హౌస్ కూల్చినప్పుడు ఆరు కుర్చీలు కలిపి తెచ్చింది ఆమె. మూడు అమ్ముడుపోయాయి. ఒకటి ఇప్పుడు గోనెపట్టా మీద ఉంది, ఒకటి క్రిస్టోఫర్‌ది. కాలు విరిగిందని ఆరోదాన్ని పాత సామాన్ల హీరాలాల్ షాపులో పడేసింది. అది దొరికితే గండం గడిచినట్టే.

"ఒక్క గడియ కూసోయే" అన్నాడు అతను. "నా పక్కన. జావ అయిపొయ్యేదాక."

"కూసుంటె కుర్చీ నడిసొస్తదా?"

గోనెపట్టా మీద గాజు పెంకు, గరుకు కాగితం ముక్కలు అట్లాగే వదిలేసి చెప్పుల్లో కాళ్లు పెట్టింది. ఎదురింటి మంగమ్మను కేకేసి "అక్కా, మా ఆయన్ను జర కనిపెట్టుకొని ఉండు" అని చెప్పి, అక్క కొడుకు సుకుమార్ ట్రాలీ ఆటో ఎక్కింది. మలుపు తిరిగేముందు వెనక్కి చూస్తే క్రిస్టోఫర్ రెండు అరచేతులూ కుర్చీ చేతుల మీద ఆనించి, స్టీరింగు ముందు కూర్చున్నవాడిలా ఉన్నాడు. చెయ్యి ఎత్తి ఊపాడు.

హీరాలాల్ షాపులో కుర్చీ లేదు.

"అక్కా, అది నేను సీతయ్యకు ఇచ్చిన గదా. ఏటూరునాగారం రోడ్డు మీద, అడవి మొదలైనకాడ చాయ హోటల్ లేదా, గాయన. కాలు విరిగినదాన్ని నువ్వే పారేస్తివి, మళ్ల నువ్వే ఎతుకుతున్నవా?" అని నవ్వాడు.

"పారేసిన్నాడు బుద్ధి లేకపాయె. పోనీ సుకుమార్, జల్దీ."

జల్దీ అంటే రోడ్డు వింటుందా! బొగ్గు లారీలు వరసగా ఎదురొస్తున్నాయి. సంపూర్ణ ట్రాలీ వెనక కమ్మీ పట్టుకుని నిలబడే ఉంది. కూర్చుంటే బండి నెమ్మదిగా పోతుందేమోనని ఆమె అనుమానం. మనసంతా ఇంటి దగ్గరే ఉంది. గోళీ వేసుకున్నాడో లేదో. కుర్చీ దొరక్కపోతే? ఆ పిల్ల సాయంత్రం వచ్చి వాకిట్లో నిలబడితే? తను లేదని చెప్పగలదా? చెప్పలేదు. అది ఆమెకు తెలుసు, క్రిస్టోఫర్‌కు అంతకంటే బాగా తెలుసు. కాదని ఒక్కరిని కూడా వెనక్కి పంపని మనిషి, ఆ కాదు అనేది ఎప్పుడూ అతనికే చెప్పింది. ఆ సంగతి ఇట్లా సూటిగా తోచేసరికి ఆమెకు ఒళ్లు మండింది, తన మీద తనకే.

కుర్చీ సీతయ్య దగ్గర ఉంది. ఉంది గాని దాని అవతారం చూసి ఆమెకు ఏడుపొచ్చింది. విరిగిన కాలికి బైండింగు తీగ చుట్టి, అల్లిక పోయిన చోట పలక కొట్టి, దాని మీద మంచినీళ్ల డబ్బా పెట్టాడు.

"ఇది నాకు కావాలె సీతయ్యన్నా."

"తీస్కపోతె డబ్బా ఏడ పెట్టాలె చెల్లె?"

"కేబుల్ చక్రం తెచ్చిస్త. డబ్బా పెట్టుకో, గ్లాసులు పెట్టుకో, చుట్టూత నలుగురు నిలబడి చాయ తాగుతరు. నీ హోటలుకే కళ వస్తది."

"ఎప్పుడిస్తవు?"

"సోమవారం. మాట తప్పితే నా ఇంటి ముందల కూసో."

"నీ ఇంటి ముందల కూసునేటందుకు ఏముంది చెల్లె, అన్ని అమ్ముకుంటివి గదా!" అన్నాడు సీతయ్య. హోటల్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. సంపూర్ణ కూడా నవ్వింది. డబ్బా దింపి, కుర్చీని తనే ఎత్తి ట్రాలీలో పెట్టింది. చాయ తాగి పొమ్మంటే ఆగలేదు. దారిలో కుర్చీ పక్కనే నిలబడి, అరచేత్తో దాని వీపు తుడుస్తూ వచ్చింది. టేకు గట్టిగానే ఉంది. కాలికి కొత్త చీల పెట్టి, ఆ పలక మీద దిండు వేస్తే చాలు. రెండో దానికీ దిండు వేస్తే రెండూ కవలల్లా ఉంటాయి. పొద్దుటి నుంచీ గుండెల మీద ఉన్న బరువు దిగింది. ఇంటికి పోగానే అతని పక్కన కాసేపు కూర్చోవాలని అనుకుంది. నిజంగానే అనుకుంది.

ఇంటికి వచ్చేసరికి వరండా ఖాళీగా ఉంది.

క్రిస్టోఫర్ కుర్చీ వాకిట్లో, గోనెపట్టా మీద, మొదటి దాని పక్కన ఉంది. దాని చేతులకు పాలిష్ గీకి ఉంది. కింద టేకు పొడి పడి ఉంది. అతని తువ్వాలు మడతపెట్టి కుర్చీ వీపు మీద వేసి ఉంది. సంపూర్ణకు ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఆరోది దొరకదనుకున్నాడు. ఆమె నోటి మాట పోతుందని, తన కుర్చీని తనే జోడీగా చేసి పెట్టాడు.

"నిన్నెవడు చెయ్యమన్నడయ్యా!" అని గట్టిగానే మొదలుపెట్టి లోపలికి అడుగుపెట్టింది. అక్కడే ఆగిపోయింది.

ముందు గదిలో, చాప మీద, క్రిస్టోఫర్ పడుకుని ఉన్నాడు. వెల్లకిలా, నడుం నేలకు ఆనించి, కాళ్లు చాపుకుని. ముఖం గోడవైపు తిరిగి ఉంది.

వెనక నుంచి సుకుమార్ తొంగిచూశాడు. "చిన్నమ్మా! చిన్నాయిన పండుకున్నడే!"

"ష్!" అంది సంపూర్ణ. అతని చెయ్యి పట్టి వాకిట్లోకి లాగింది. ఆమె కళ్లు మెరిసిపోతున్నాయి. "లేపకు. ఎన్ని నెలలాయెరా ఆయన నడుం వాల్చక. కొత్త గోళీలు పట్టినయి. నేను అనుకుంటనే ఉన్న, పడతయని. నువ్వు పో, బండి చప్పుడు చెయ్యకుండ దొబ్బుకుంట పో."

సుకుమార్ బండిని మలుపుదాకా తోసుకునే వెళ్లాడు. సంపూర్ణ చేతిగాజులు తీసి కిటికీలో పెట్టింది. సుత్తికి పాత గుడ్డ చుట్టి, ఆరో కుర్చీ కాలికి చీల కొట్టింది. మధ్యమధ్య తలుపువైపు చూసి తనలో తనే నవ్వుకుంది. లేవనీ చెప్తా, అనుకుంది. గరుకు కాగితం పట్టుకున్నందుకు తిట్టాలి. తిట్టి, తర్వాత ఆ కుర్చీని మళ్లీ వరండాలో వేసి, నీది నీకే అని చెప్పాలి. ఆ మాట చెప్పినప్పుడు అతని ముఖం ఎట్లా ఉంటుందో ఊహించుకుంటూ ఆరోదాని కాళ్లన్నీ గీకేసింది. ఇంత ఇష్టంగా ఆమె ఏ పనైనా చేసి ఎన్నాళ్లో అయింది.

పాలిష్ మాత్రం ఇంకా ముట్టలేదు. మణుగూరులో ఈ పని చేసేవాళ్లకు ఒక నియమం ఉంది. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగు అయ్యి, దుమ్ము దిగాకే పాలిష్ డబ్బా తెరవాలి. ముందే వేస్తే బొగ్గు పొడి తడి మీద కూర్చుంటుంది, మళ్లీ మొదటి నుంచీ గీక్కోవాల్సిందే.

సైరను మోగింది. అలవాటు కొద్దీ లేచి మూడు కుర్చీల మీదా దుప్పటి కప్పింది. తర్వాత, అదీ అలవాటు కొద్దీనే, చెవి లోపలికి పెట్టింది.

భూమి కింద నుంచి ధడ్‌మని వచ్చింది. కిటికీ రెక్కలు కొట్టుకున్నాయి. వంటింట్లో గిన్నెలు గలగలమన్నాయి. కిటికీలో పెట్టిన గాజు ఒకటి దొర్లి కిందపడింది.

పెళ్లయి వచ్చిన నాటి నుంచీ, క్రిస్టోఫర్ ఇంట్లో ఉంటే ఈ చప్పుడుకు ఒక జవాబు చెప్పేవాడు. బ్లాస్టింగు అయ్యాకే కదా డంపర్లు గనిలోకి దిగేది. తననే పిలిచినట్టు "వస్తున్న ఆగు!" అని కేకేసేవాడు. పని మానేశాక కూడా మానలేదు. అన్నం తింటూ అనేవాడు, గురక మధ్యలో లేచి అనేవాడు. నిన్న ఊపిరి అందకపోయినా పెదాలతో అన్నాడు.

సంపూర్ణ ఎదురుచూసింది. గిన్నెల చప్పుడు ఆగింది. దుమ్ము మెల్లగా దుప్పటి మీదికి దిగుతోంది. లోపలి నుంచి ఏమీ రాలేదు.

ఆమెకు అప్పుడే తెలిసిపోయింది. తెలిసినా చేతిలో ఉన్న కాగితంతో దుప్పటి అంచు రెండుసార్లు రుద్దింది. తర్వాత గోనెపట్టా మీద, రెండు కాళ్లూ చాపి, నేల మీద చతికిలబడింది.

అలా ఎంతసేపుందో. లేచి లోపలికి వెళ్లి, అతని ముఖాన్ని తనవైపు తిప్పుకుంది. కనుబొమల మీద, మీసం మీద టేకు పొడి. వేళ్లు చల్లగా ఉన్నాయి. వేళ్ల సందుల్లో కూడా పొడే. "ఇంతసేపు నీకు చప్పుడైతదని..." అంది. "ఇంతసేపు నేను..." ఆ తర్వాత వచ్చిన కేకకు మంగమ్మ చేతిలో చాట పారేసి ఉరికి వచ్చింది.

"నేను వద్దంటనే ఉన్ననే!" అని మంగమ్మ గుండె బాదుకుంది. "గీకుతున్నవేందయ్యా అంటే, నీకు చెప్పొద్దన్నడు. నవ్విండే. జర అలుపొచ్చింది, నడుం వాలుస్త అన్నడు. పండుకుంటడు గదా, మంచిదే గదా అని నేను పోయిన."

అవును, ఎవరైనా అదే అనుకుంటారు. సంపూర్ణ కూడా అదే అనుకుంది.

కాసేపట్లో వీధి నిండింది. స్తుతి కల్లూరు నుంచి బయలుదేరింది. పాస్టరుగారు వచ్చారు. అప్పుడు గానీ ఎవరికీ తట్టలేదు, మనిషిని పెట్టడానికి ఆ ఇంట్లో మంచం లేదని, వచ్చిన పెద్దలు కూర్చోవడానికి ఏమీ లేదని. మంగమ్మ కొడుకులు తమ దివాను మోసుకొచ్చారు. రెండు పాత తలుపులు కలిపి సంపూర్ణే చేసిచ్చిన దివాను. దాని మీద క్రిస్టోఫర్‌ను పడుకోబెట్టారు. తర్వాత ఒక్కొక్కరే తమ ఇళ్లకు వెళ్లి ఏదో ఒకటి పట్టుకొచ్చారు. ఒకరు నవారు అల్లిన పీట, ఒకరు గెస్ట్‌హౌస్ కుర్చీ, ఒకరు రైలు పట్టాల కింది చెక్క కోసి చేసిన బెంచీ, ఇంకొకరు క్రిస్టోఫర్ కింది నుంచి మొదట పోయిన కుర్చీ. ఆమె చేతుల మీదుగా పోయినవన్నీ ఆ సాయంత్రం వాకిట్లోకి తిరిగొచ్చాయి. ఆ ఇంటికి అంతమందిని కూర్చోబెట్టే తాహతు ఎప్పుడూ లేదు. సంపూర్ణ మాత్రం దివాను పక్కన నేల మీద కూర్చుంది. ఎవరు పిలిచినా లేవలేదు. ఆమె అంతసేపు ఒకచోట కూర్చోవడం ఆ వీధిలో ఎవరూ చూసి ఎరగరు.

డ్యూటీ దిగి కల్యాణి వచ్చింది, కుర్చీల కోసం. వాకిట్లో జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగి, చెప్పులు విడిచి, వచ్చి సంపూర్ణ పక్కన కూలబడి చెయ్యి పట్టుకుంది.

"సుకుమార్" అంది సంపూర్ణ. "ఆ రెండు కుర్చీలు ఈ అమ్మాయి ఇంటికాడ దించు. రేపు వాళ్ల అమ్మా నాయిన వస్తరు."

"వద్దాంటీ. ఇప్పుడు గవి ఎందుకు?" అంది కల్యాణి ఏడుస్తూ.

"వాళ్లు కూసోవాలె బిడ్డా. పక్కపక్కన కూసోవాలె."

సుకుమార్ దుప్పటి తీశాడు. మొదటిదాన్ని, ఆరోదాన్ని పక్కకు పెట్టి, మూడోదాని మీద చెయ్యి వేసి ఆగాడు. "చిన్నమ్మా, దీన్ని కూడ లోపల పెట్టమంటవా? ఎవరన్న పెద్దమనిషి కూసుంటడు."

"ముట్టకు." ఆ గొంతుకు వాకిట్లో అందరూ తిరిగి చూశారు. "అది మీ చిన్నాయినది. ఇయ్య అని చెప్పిన."

మర్నాడు సమాధుల తోట నుంచి వచ్చాక ఎవరి కుర్చీలు వాళ్లు తీసుకుపోయారు. కొందరు ఉంచుకొమ్మన్నారు. సంపూర్ణ తల ఊపింది, వద్దని. వాకిలి మళ్లీ ఖాళీ అయింది. స్తుతి చీపురు తెచ్చి టేకు పొడి ఊడ్వబోతే, ఆ గోనెపట్టా ఒక్కటి వదిలెయ్యమంది. దాని మీద క్రిస్టోఫర్ కుర్చీ ఉంది. ఎడమ చెయ్యి పూర్తిగా గీకి తెల్లగా తేలింది. కుడి చెయ్యి సగందాకే తెల్లన. మిగతా సగం మీద అతని అరచేయి ఆనిన నలుపు అట్లాగే ఉంది, ఆ నలుపు మొదలయ్యే చోట నాలుగు మడతలు పెట్టిన గరుకు కాగితం ముక్క ఉంది.